బీమా కట్టినోడికీ చలానాయేనా?

పంట చేతికొచ్చి మార్కెట్ యార్డులకు సరుకు పోవడం మొదలైతే చాలు, పట్నం పొలిమేరల్లో తనిఖీలు కూడా మొదలవుతాయి. పత్తి రోజుల్లో వరంగల్ ఎనుమాముల తోవ చూడండి. మిర్చి రోజుల్లో ఖమ్మం తోవ, గుంటూరు తోవ చూడండి. ట్రాక్టరు మీద బస్తాలేసుకుని పోయే రైతును ఆపుతారు, కాటా దగ్గర నిలబడడానికి వెనక మోటారు సైకిలు మీద వచ్చే అతని కొడుకునూ ఆపుతారు. ఆర్సీ ఏది, లైసెన్సు ఏది, ఇన్సూరెన్సు ఏది అంటారు. ఆర్సీ ఉంటుంది. లైసెన్సు ఉంటుంది, లేకపోతే అది వేరే కథ. ఇన్సూరెన్సు కాగితం మాత్రం ఇంట్లో, బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం కింద ఉంటుంది. వానకు తడుస్తుందని, జేబులో చెమటకు చిరిగిపోతుందని అక్కడ దాస్తాం. ఇంట్లో ఉంది సారూ అంటే వినేవాడు ఉండడు. మిషను మీద నాలుగు నొక్కులు నొక్కి, బండిని ఫోటో తీసి, 'ఇన్సూరెన్సు లేకుండా వాహనం నడిపినందుకు' అని చలానా కొట్టేస్తారు. వెనక పది బండ్లు ఆగి హారన్లు కొడుతుంటాయి. అవతల యార్డులో వేలం టైము దాటిపోతుంటుంది. రైతు ఏం చేస్తాడు? కట్టి పోతాడు.

బీమా లేకపోవడం వేరు, బీమా కాగితం చేతిలో లేకపోవడం వేరు. ఈ తేడా మేము పుట్టించింది కాదు. చట్టంలోనే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. లేకుండా నడిపితే 196వ సెక్షను కింద శిక్ష. ఆ జరిమానా ఒకప్పుడు వెయ్యి రూపాయల దాకా ఉండేది. 2019 సవరణ తర్వాత, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మొదటిసారికి 2,000, రెండోసారికి 4,000 చేశారు. మూడు నెలల దాకా జైలు కూడా రాశారు. ఇది బీమా అసలే లేనివాడి సంగతి.

బీమా ఉండి, అడిగినప్పుడు చూపలేకపోయినవాడి సంగతి చట్టం వేరే చోట మాట్లాడింది. 158వ సెక్షను చదవండి. అడిగిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు పోలీసు స్టేషన్లో బీమా కాగితం చూపిస్తే, ఆ రోజు చూపలేదన్న ఒక్క కారణంతో శిక్ష వేయకూడదని అందులో ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వ నియమం చదవండి. కాగితాలు దగ్గర లేకపోతే, అడిగిన అధికారికి పదిహేను రోజుల్లోపు స్వయంగా గానీ రిజిస్టర్డు పోస్టులో గానీ నకలు అందజేయవచ్చని ఉంది. అంటే చట్టం రాసినవాడికి కూడా తెలుసు, మనిషన్నవాడు ప్రతిసారీ కాగితాల మూట కట్టుకుని తిరగడని. ఒకవేళ చూపలేదన్నదే తప్పు అనుకున్నా, వేరే శిక్ష రాయని తప్పులన్నిటికీ వాడే 177వ సెక్షను ఉంది. దాని కింద మొదటిసారికి 500. ఐదువందలకూ రెండువేలకూ మధ్య ఎంత తేడా ఉందో కిలో టమాటా రెండు రూపాయలకు అమ్ముకున్నవాడిని అడగండి.

మరి ఈ ఏడు రోజులు, పదిహేను రోజుల సంగతి రోడ్డు మీద ఏ అధికారి అయినా మనకు చెప్పాడా? మా సంఘం సభ్యుల్లో చలానాలు పడ్డవాళ్ళను అడిగాం. కాగితం తెచ్చి చూపిస్తే తీసేస్తామని చెప్పినట్టు ఒక్కరూ అనలేదు. కొందరికైతే 'ఇప్పుడు కట్టకపోతే బండి స్టేషనుకు పోతుంది' అన్న బెదిరింపు. ఇది కూడా తెలుసుకోండి: బండిని పట్టి ఉంచే అధికారం ఇచ్చేది 207వ సెక్షను. అందులో ఉన్నవి లైసెన్సు లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషను లేకపోవడం, పర్మిటు లేకపోవడం. బీమా కాగితం అందులో లేదు. ఆ సెక్షనులో లేనిదానికి ట్రాక్టరు తాళం చెవి గుంజుకోవడం ఏ అధికారంతో?

ఇంకో సంగతి. కాగితం అసలు ఎందుకు అడుగుతున్నారు? 2018 ఆగస్టులో కేంద్ర రోడ్డు రవాణా శాఖే రాష్ట్రాలకు రాసింది, డిజిలాకర్లో, ఎంపరివాహన్లో ఉన్న పత్రాలను అసలు పత్రాలతో సమానంగా తీసుకోవాలని. ఆ ఏడాదే నియమాన్ని కూడా మార్చి, ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుతుందని రాశారు. బీమా కంపెనీలు ఇచ్చే ప్రతి పాలసీ వివరం వాహన్ అనే ప్రభుత్వ కంప్యూటరులోకి ఎక్కాలి. పోలీసు చేతిలో ఉన్న మిషనుకు బండి నంబరు కొడితే బీమా ఎప్పటిదాకా ఉందో అక్కడే కనబడాలి. కనబడితే మనల్ని కాగితం అడగాల్సిన పని లేదు. కనబడకపోతే రెండే కారణాలు. ఒకటి, నిజంగానే బీమా లేదు. రెండు, కంపెనీవాడు డబ్బు తీసుకుని వివరం ఎక్కించలేదు, లేదా ఛాసిస్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. రెండో కారణానికి చలానా పడాల్సింది ఎవరికి? కంపెనీకి. పడుతున్నది ఎవరికి? పొద్దున్నే నాలుగు గంటలకు లేచి బస్తాలెత్తుకొచ్చినవాడికి.

నొప్పిచ్చినా ఒక మాట చెప్పాలి. మనవాళ్ళు కొందరు, అందులో సంఘం నాయకులు కూడా ఉన్నారు, మీటింగుల్లో మైకు పట్టుకుని 'ట్రాక్టరు రైతు పనిముట్టు, నాగలికి బీమా ఉందా, అరకకు బీమా ఉందా, ట్రాక్టర్లకు ఇన్సూరెన్సు ఎత్తేయాలి' అంటున్నారు. చప్పట్లు పడతాయి. మేము మాత్రం ఆ మాటకు చప్పట్లు కొట్టం. అరక రోడ్డు మీద మనిషిని తొక్కి చంపదు. ట్రాక్టరు చంపుతుంది. థర్డ్ పార్టీ బీమా అంటే మన బండికి జరిగే నష్టానికి కాదు, మన బండి కింద పడ్డవాడి కోసం. ఆ పడ్డవాడు ఎవరు? పొద్దుగూకాక వెనక లైటు లేని ట్రాలీకి గుద్దుకున్న సైకిలు మీది కూలీ. బడి నుంచి వచ్చే పిల్ల. వాళ్ళూ మనవాళ్ళే. బీమా లేకపోతే వాళ్ళకు ట్రిబ్యునల్ వేసే పరిహారం ఎవరిస్తారు? బండి యజమాని ఇవ్వాలి. అంటే మనమే ఇవ్వాలి. ఐదు లక్షలో పది లక్షలో వడ్డీతో సహా కట్టమని డిక్రీ వస్తే రెండెకరాల రైతు ఏమమ్మి కడతాడు? ఎకరం అమ్మితే వాళ్ళకు డబ్బు ముడుతుంది, అమ్మకపోతే చచ్చినవాడి ఇంటివాళ్ళు కోర్టు చుట్టూ తిరిగి తిరిగి చేతులు కాల్చుకుంటారు. రెండు ఇళ్ళు కూలతాయి. కాబట్టి బీమా తప్పించుకోవడం మన కోరిక కాదు, కాకూడదు. బీమా కట్టినవాడిని దొంగను చేయవద్దు, కట్టించుకున్న కంపెనీని తప్పించుకోనివ్వవద్దు అన్నది మన కోరిక.

కంపెనీలు ఎలా తప్పించుకుంటాయో ఇప్పుడు చూద్దాం. ఇది చలానా కన్నా పెద్ద సంగతి.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. పదిహేను మంది దాకా చనిపోయారు, దాదాపు అందరూ ఆడకూలీలే. అంతకు రెండు నెలల ముందే, ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ఇంకో కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడి తొమ్మిది మంది పోయారు. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోత రోజుల్లో ఊరి నుంచి ఊరికి కూలీలు ట్రాలీల మీదే పోతారు. పొద్దున్నే చేలకు పోయే బస్సు ప్రభుత్వం నడపదు. ఆటోలో పదిహేను మందిని కుక్కితే అదీ నేరమే. ట్రాలీయే గతి.

ఆ ట్రాలీలో కూచున్న మనిషికి బీమా వర్తించదు. ఎందుకంటే ట్రాక్టరు వ్యవసాయ పనికి బీమా చేసింది, మనుషులను ఎక్కించుకోవడానికి కాదు అంటారు. ట్రాక్టరుకు ఒక నంబరు, ట్రాలీకి ఒక నంబరు, రెండూ విడివిడిగా రిజిస్టరు కావాలి, పాలసీలో ట్రాలీ నంబరు రాసి దానికి విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. మన ట్రాలీలు ఎన్నింటికి నంబరే లేదో మనకు తెలుసు. పక్క పట్నం వెల్డింగు షాపులో చేయించి తెచ్చుకున్నవి. 2007లో సుప్రీంకోర్టు దాకా పోయిన ఒక కేసులో ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు ట్రాలీ దగ్గర కూలీ దెబ్బతిన్నాడు. ట్రాక్టరుకు బీమా వ్యవసాయానికే ఉంది, ట్రాలీకి లేదు. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. అయితే ఆ పేదవాడిని చూసి, తనకున్న ప్రత్యేక అధికారంతో ముందు కంపెనీ కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి అని చెప్పింది. ముందు కట్టు, తర్వాత రాబట్టుకో. వినడానికి బాగుంది. రాబట్టుకునేది ఎవరి దగ్గర? మళ్ళీ రైతు దగ్గరే.

అయితే ఏమంటారు, కూలీలను ట్రాలీ ఎక్కించవద్దా అని అడగవచ్చు. అవును, చట్టం వద్దనే అంటుంది. కానీ చట్టం వద్దన్నంత మాత్రాన నాట్లు ఆగవు. వేములకొండ తర్వాత అన్ని పార్టీల నాయకులూ వచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు, వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా కూలీల ట్రాక్టర్లు బోల్తా పడ్డ వార్త రాని నాటు సీజను మాకు గుర్తు లేదు. రోడ్డు మీద ఆపే అధికారులు ఆ ట్రాలీలో ముప్పై మంది ఆడవాళ్ళు నిలబడి పోతుంటే కొన్నిసార్లు చేయి ఊపి వదిలేస్తారు, అదే ట్రాక్టరు సాయంత్రం ఒంటరిగా వస్తుంటే ఇన్సూరెన్సు కాగితం అడుగుతారు. ఇది ప్రాణాల మీద ప్రేమా, లెక్క పూర్తి చేసుకోవడమా? చలానాలకు టార్గెట్లు లేవని అధికారులు అంటారు. లేకపోతే మంచిదే. నెలాఖరులోనే తనిఖీలు ఎందుకు చిక్కబడతాయో మాత్రం చెప్పరు.

జరిమానా ప్రాణాల కోసమే అయితే దానికి డిస్కౌంటు ఉండకూడదు కదా. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పెండింగు చలానాల మీద రాయితీ ఇచ్చింది. మళ్ళీ 2023 డిసెంబరులో ఇచ్చింది, మోటారు సైకిళ్ళకు, ఆటోలకు నూటికి ఎనభై తగ్గించి ఇరవై కడితే చాలన్నారు. పండగకు బట్టల షాపు పెట్టే సేలు లాగా. పడ్డనాడే అప్పు చేసి కట్టినవాడు వెర్రివాడయ్యాడు, కట్టకుండా తిరిగినవాడు తెలివైనవాడయ్యాడు. రాయితీ ఇచ్చినందుకు మాకేం బాధ లేదు, పేదవాడికి మేలే. కానీ నూటికి ఎనభై వదులుకోగలిగిన ప్రభుత్వం, ఏడు రోజుల్లో కాగితం తెచ్చి చూపించినవాడి చలానా ఎందుకు కొట్టేయలేదు? డబ్బు వదులుకోవడం వాళ్ళకు కష్టం కాదు. తప్పు పడ్డదని ఒప్పుకోవడం కష్టం.

ఇక ఆ బీమా ఖరీదు సంగతి. థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీలు ఇష్టం వచ్చినట్టు వేసేది కాదు, ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ మోటారు సైకిలుకు ఏడాదికి 714 రూపాయలు. మన ఊళ్ళల్లో తిరిగేవి దాదాపు ఈ బండ్లే. దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపితే 842 దాటుతుంది. ఆపైన యజమానికి ప్రమాద బీమా అని ఇంకొంత. అదే పదిహేను లక్షల ప్రమాద బీమా మనకు వేరే పాలసీలో ముందే ఉంటే మళ్ళీ కొననక్కర లేదు, కానీ ఏజెంటు ఆ మాట నోరు తెరిచి చెప్పడు. 2025 సెప్టెంబరులో వ్యక్తుల జీవిత బీమా మీద, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు. మంచిదే. అవి ఇష్టమైతే కొనుక్కునేవి. కొనకపోతే జైలు అని చట్టం రాసిన బండి బీమా మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. కొనమని ఆజ్ఞాపించేది ప్రభుత్వమే, కొన్నందుకు పన్ను పిండేది ప్రభుత్వమే, కొన్న కాగితం జేబులో లేదని జరిమానా వేసేది ప్రభుత్వమే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

దేశంలో తిరిగే బండ్లలో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు కమిటీ దాకా పోయిన లెక్క. సగం మంది దొంగలని దీని అర్థమా? కొత్త మోటారు సైకిలుకు ఐదేళ్ళు, కొత్త కారుకు మూడేళ్ళు బీమా ఒకేసారి కట్టించుకోవాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి షోరూములో బండి తీసుకున్నవాడికి ఐదేళ్ళు గుర్తు ఉండదు, ఆరో ఏట మొదటి రోజు నుంచి బీమా లేనివాడవుతాడు. ట్రాక్టరుది ఇంకో రకం. ఫైనాన్సువాడే మొదటి ఏడు బీమా కట్టి అప్పులో కలుపుతాడు, కాగితం తన ఆఫీసులోనే పెట్టుకుంటాడు. రైతుకు పాలసీ నంబరు తెలియదు, గడువు తేదీ తెలియదు. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే ఫోను మీద ఫోను చేసేవాడికి, బీమా గడువు ముగుస్తున్నదని ఒక్క మెసేజి పెట్టడానికి తీరిక ఉండదు.

ఇంత గట్టిగా మన బీమా కాగితం అడిగే ప్రభుత్వాలను మనం కూడా ఒక బీమా కాగితం అడగాలి. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన తెచ్చారు. 2020లో తెలంగాణ అందులోంచి బయటకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడు వచ్చి, 2022లో మళ్ళీ చేరింది. తెలంగాణలో ఏళ్ళ తరబడి వరి నీట మునిగినా, మిర్చికి తామర పురుగు తగిలి చేలకు చేలే ఎర్రబారినా పంటకు బీమా అన్నది లేదు. సెక్షను 146 బండికి ఉంది. పంటకు ఏ సెక్షను ఉంది? పంట బీమా లేకుండా రైతును సాగు చేయించినందుకు ఏ మంత్రికి ఎవరు చలానా కొట్టారు? పథకం ఉన్నచోట కూడా వడగండ్లు పడితే 72 గంటల్లో కంపెనీకి చెప్పాలి, లేకపోతే క్లెయిము లేదు. పరిహారం ఇచ్చేందుకు కంపెనీకి మాత్రం సీజన్లు సీజన్లు గడిచిపోయినా అడిగేవాడు లేడు. మన గడువు గంటల్లో, వాళ్ళ గడువు ఏళ్ళల్లో.

తిట్టుకోవడంతో ఆగకుండా చేయాల్సిన పని కూడా చెప్పుకుందాం.

ఇంట్లో చదువుకున్న పిల్లలను కూచోబెట్టి బండి ఆర్సీ, లైసెన్సు, బీమా డిజిలాకర్లో పెట్టించండి. ఎంపరివాహన్లో మీ బండి నంబరు కొట్టి బీమా గడువు ఏ తేదీ చూపిస్తున్నదో ఈ వారమే చూడండి. కట్టిన బీమా అక్కడ కనబడకపోతే పాలసీ ఇచ్చినవాడి దగ్గరకు పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పాలసీ మీద క్యూఆర్ కోడు ఉంటుంది, ఫోనుతో స్కాన్ చేస్తే అసలుదో నకిలీదో తెలుస్తుంది. ఆర్టీఓ ఆఫీసు బయట చెట్టు కింద 'సగానికే బీమా' అని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. పాత బండి కొంటే దాని బీమా మీ పేరు మీదకు మారడానికి పద్నాలుగు రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టాలి, ఇది 157వ సెక్షనులో ఉంది. సంతలో సెకండ్ హ్యాండు బండి కొని ఆర్సీయే మార్చుకోని మనవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ట్రాక్టరు ఉన్నవాళ్ళు పాలసీలో ట్రాలీ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. డ్రైవరుకూ బండి మీద పని చేసే మనుషులకూ కవరు ఉందా, అదనంగా ఎంత కడితే వస్తుంది అని అడిగి, చెప్పింది కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట కోర్టులో నిలవదు.

ఆపినప్పుడు బీమా ఉండి కాగితం లేకపోతే, 'బీమా ఉంది, కాగితం తెచ్చి చూపిస్తాను, ఏ స్టేషనులో చూపమంటారు' అని అడగండి. కొట్లాట పెట్టుకోవద్దు, పారిపోవద్దు. చలానా పడితే దాని మీద ఏ సెక్షను రాశారో చూడండి. 196 అని ఉంటే, ఆ రోజుకు మీ బీమా చెల్లుబాటులో ఉంటే, అక్కడికక్కడ కట్టకండి. అక్కడ కట్టడమంటే 200వ సెక్షను కింద రాజీ పడటం, అది మన ఇష్టం మీద ఉంటుంది, బలవంతం లేదు. ఏడు రోజులు దాటకుండా పాలసీ నకలు, చలానా నకలు, ఒక తెల్ల కాగితం మీద అర్జీ కలిపి స్టేషనులో ఇవ్వండి, తీసుకోకపోతే రిజిస్టర్డు పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పటికీ చలానా తీసేయకపోతే కోర్టులో ఆ రసీదే మన సాక్ష్యం. నిజంగానే బీమా లేకపోతే మాత్రం కట్టాల్సింది కట్టండి, కట్టిన రోజే బీమా తీసుకోండి. ఆ కేసులో సంఘం మీ వెనక రాదు, ముందే చెబుతున్నాం.

ప్రభుత్వాలను మేము అడుగుతున్నది ఇదీ. మిషనులో బీమా కనబడిన బండిని కాగితం కోసం ఆపవద్దు. కనబడని చోట చలానాకు ముందు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ గడువు తెలుగులో చలానా మీదే అచ్చు వేయాలి. పాలసీ వివరాలు ఎక్కించని కంపెనీకి జరిమానా వేయాలి, ఆ డబ్బు చలానా పడ్డ రైతుకు ఇవ్వాలి. తప్పనిసరి బీమా మీద జీఎస్టీ ఎత్తేయాలి. ట్రాలీ మీద పనికి పోయే కూలీలకు ప్రమాద కవరు ఉండే పాలసీని ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు తేవాలి, ఆ ప్రీమియంలో సగం ప్రభుత్వం భరించాలి. సీజనులో చేలకు పోయే తోవల్లో పొద్దున పూట ఆర్టీసీ బస్సులు నడపాలి, అప్పుడు ట్రాలీలు ఆపండి, మేమే దగ్గరుండి ఆపిస్తాం.

బీమా చెల్లుబాటులో ఉండగా 196వ సెక్షను కింద చలానా పడ్డ సభ్యులందరూ చలానా నకలు, పాలసీ నకలు, ఆపిన చోటు, తేదీ రాసి మీ మండల కమిటీకి ఇవ్వండి. పత్తి, మిర్చి రైతులు యార్డుకు పోయిన రోజు తక్‌పట్టీ కూడా జత చేయండి, వేలం తప్పి ఎంత తక్కువకు అమ్ముకున్నారో అందులో ఉంటుంది. అన్ని మండలాలవీ కలిపి జిల్లా కమిటీ వాళ్ళు కలెక్టరుకూ ఎస్పీకీ ఇచ్చే అర్జీతో పాటు పెడతారు. కూలీల ట్రాలీ ప్రమాదాల్లో బీమా కంపెనీ కాదన్న కేసులు మీ ఊళ్ళో ఉంటే వాటి కోర్టు కాగితాలు కూడా తేండి, అవి వేరే ఫైలు.